అడిగిన రోజున పడిన వాన

చలి వెనకపట్టిన రోజులు

ఇవాళ కూడా గద్దె మీది రాళ్ళను బూడిదతోనే తుడిచాను. నీళ్ళతో కడిగి చాలాకాలమైంది. చిటికెడు మెత్తటి బూడిద, ఒక పాత చీరముక్క, అంతే. తెల్ల పలుగురాళ్ళు తొందరగా మెరుస్తాయి. పొగరాళ్ళు మొండివి, ఎంత రుద్దినా కాసేపటికే మళ్ళీ దుమ్ము పట్టేస్తాయి. ఊదారాయి మాకు ఒక్కటే ఉంది. దాన్ని ఎండలో పెడితే రంగు దిగిపోతుంది కాబట్టి గద్దెకు పడమటి వైపు, నీడలో ఉంచుతాం.

రాళ్ళమెట్టలో ఇంటింటికీ ఒక రాయి, దానికో చిన్న గద్దె ఉంటాయి. సముద్రం పొలాల మీదికి వచ్చినప్పుడు మా తాతలు చేతికందినవి పట్టుకుని కొండెక్కారు. గుళ్ళు నీళ్ళలో ఉండిపోయాయి. దారిలో కాళ్ళకు తగిలిన మెరుపురాళ్ళను కొంగున కట్టుకొచ్చి, వాటినే గూట్లో పెట్టి మొక్కారు. ఋతువు మారినప్పుడల్లా అందరూ తమ ఇంటి రాయిని పెద్ద గద్దె దగ్గరికి తెస్తారు. నడుమ మోకాలెత్తు పలుగు ఒకటి నిలబెట్టి ఉంటుంది, అది చినుకులతల్లి. ఆమె చుట్టూ రాళ్ళు పేర్చి, ఆ కాలంలో పండింది ఏదైనా పెట్టి, పాడుకుని, ఎవరి రాయి వాళ్ళు తీసుకుని ఇళ్ళకు పోతారు. అదే కొలుపు. గద్దె మీద ఎప్పుడూ ఉండేవి దాన్ని చూసే మా ఇంటి రాయి, మనుషులు మిగలని ఇళ్ళ రాళ్ళు. పెద్ద గద్దె చూసే పని మా అత్తగారిది. ఆమె పోయాక నాది. కాలం మారినప్పుడు నాలుగు ముక్కలు రాసిపెట్టడం కూడా ఆమె నేర్పిన అలవాటే.

రెండేళ్ళుగా తొలకరి లేదు. మబ్బులు పడమటి కొండ దాకా వస్తాయి. అక్కడ కొత్తగా కట్టిన గాలి స్టేషన్ దగ్గర తిరుగుడు పడి ఎటో వెళ్ళిపోతాయి. అది గాలిని కొలిచే స్టేషన్ అని వాళ్ళు చెప్పారు. మా ఊరి పెద్ద దాలినాయుడు ఆ మాట నమ్మలేదు. మొన్న మావాళ్ళు కొందరు స్టేషన్ బండి మీద రాళ్ళు విసిరారు. అద్దం పగిలింది.

అందుకే మధ్యాహ్నం ఆ స్టేషన్ నుంచి ఒకమ్మాయి ఒక్కతే నడుచుకుంటూ వస్తే గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ముప్పై ఏళ్ళుంటాయేమో. గద్దెకు దూరంగానే బూట్లు విప్పింది. ఎవరూ చెప్పకుండానే విప్పింది.

"నా పేరు మృదుల. స్టేషన్‌లో పని చేస్తాను. చూసి వెళ్తానమ్మా, ముట్టుకోను" అంది.

ఏ రాయి ఎవరిదని అడిగింది. చెప్పాను. ఊదారాయి నీడలో ఎందుకుందో తనే చెప్పింది. వాళ్ళమ్మ కూడా ఇంట్లో ఇలాంటి రాళ్ళు పెట్టుకుని దీపం వెలిగించేదట. నాకు ఆ పిల్ల నచ్చింది. వెళ్ళబోతూ, "తొలకరి కొలుపు ఏ రోజున చేస్తారు?" అని అడిగింది.

"రోజంటూ ఉండదమ్మా. వానకోయిల కూసినాక, చీమలు గుడ్లు పైకి మోసుకెళ్ళడం సూసినాక సేస్తాం."

"వానకోయిల కూసి ఎన్నాళ్ళయింది?"

నేను చీరముక్క దులిపి మళ్ళీ పొగరాయి అందుకున్నాను.


చిగుర్ల కొలుపు మర్నాడు

చిగుర్ల కొలుపుకి ఇప్పపూలు కావాలి. చెట్లకు పువ్వు పట్టలేదు. అంతకుముందెప్పుడో ఎండబెట్టి దాచినవి గుప్పెడు ఉంటే పంచుకుని పెట్టాం. పాట ఎత్తుకున్నాం గానీ గొంతులు కలవలేదు. మా ఆడపడుచు పోలమ్మ మధ్యలోనే లేచి గెడ్డకి, మా కింది వాగు దగ్గరికి, వెళ్ళిపోయింది. ఊటగెడ్డలో బిందె నిండాలంటే వంతు కోసం పొద్దంతా కూర్చోవాలి. దేవుడి దగ్గర కూర్చుంటే వంతు పోతుంది.

ఇవాళ మృదుల మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చుంది.

"రత్నంగారూ, తొలకరి కొలుపు ఫలానా రోజు అని మీరు నాకు చెప్పండి. ఆ రోజు వాన పడుతుంది."

"అది నీకెలా తెలుసు?"

"మేమే పంపుతాం."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత ఆమె విడమరిచి చెప్పింది. స్టేషన్ మీద పొద్దున్నే ఎగిరే ఇనప పిట్టలు గాలిని కొలవడానికి కాదు. అవి మబ్బుల్లోకి ఏదో పొడి చల్లి, ఎక్కడ కావాలంటే అక్కడ కురిపిస్తాయి. ఎక్కడ వద్దంటే అక్కణ్ణుంచి మళ్ళిస్తాయి.

"అయితే మా వాన మీరే పట్టుకుపోయారన్నమాట" అన్నాను.

ఆమె నేల చూసింది. "నేను కాదమ్మా. ఎటు పంపాలో పైనుంచి చెప్తారు. మైదానంలో పెద్ద నగరాలున్నాయి. కానీ ఒక మబ్బు ఇటు పంపడానికి నేను ఒప్పించాను. ఒకటి కాదు, ఈ ఏడాది నాలుగైదు."

"ఎందుకు? మామీద జాలా?"

"మీవాళ్ళు రాళ్ళు విసరడం ఆగాలి. మీ కొలుపు రోజున వాన పడితే స్టేషన్ జోలికి ఎవరూ రారు. అది మా పైవాళ్ళకు కావాలి. మీకు నీళ్ళు కావాలి." కాస్త ఆగి అంది, "ఈ సంగతి మీ దగ్గరే ఉండాలి. బయటికి తెలిస్తే ఆ మబ్బు కూడా రాదు."

 పోలమ్మ బిందె నెత్తిన పెట్టుకుని గెడ్డ నుంచి ఎక్కి వస్తోంది. అందులో నీళ్ళు సగం కూడా లేవని ఆమె నడకలోనే తెలుస్తోంది.

"తొలకరి కాలంలో వచ్చే నిండుపున్నమి మర్నాడు" అన్నాను.

మా అత్తగారు చీమల్ని చూసి రోజు పెట్టేది. నేను స్టేషన్‌కి చెప్పి పెట్టాను.


తొలకరి

పడింది.

నేను చినుకులతల్లి ముందు కూర్చుని పాట ఎత్తుకున్నాను. ఊరంతా వెనక ఉంది. ఎండ మండిపోతోంది. దాలినాయుడి మొహంలో నమ్మకం లేదు, మర్యాద కోసం వచ్చాడు. పాట రెండో చరణంలో ఉండగా రాళ్ళ మీద నీడ పడింది. తెల్ల పలుగులు ఒక్కొక్కటీ చప్పబడిపోయాయి. తలెత్తితే పడమటి నుంచి నల్లటి మబ్బు ఒకే ఒక్కటి, దారి చూపి తోలుకొచ్చిన గేదెలా, తిన్నగా మా మీదికి వస్తోంది.

మొదటి చినుకు పొగరాయి మీద పడి చిట్లింది. దుమ్ము కిందనుంచి రాయి నల్లగా మెరిసింది. తర్వాత ఇక పాట ఎవరికీ వినపడలేదు. జనం అరిచారు, ఏడ్చారు. ఆడవాళ్ళు కొంగులు చాపి నీళ్ళు పట్టి పిండుకుని తాగారు. దాలినాయుడు బురదలో సాష్టాంగపడ్డాడు. పోలమ్మ వచ్చి నా కాళ్ళు పట్టుకుంది.

"వొదినా, మా యమ్మ సేతిలో కూడా ఇలా పడలేదే! నీ నోట సినుకులతల్లి ఉంది."

"లెగు పోలమ్మా, లెగు" అన్నాను. "నాదేటీ నేదు."

ఆ మాట నిజమే. కానీ ఆ పూట దాన్ని అందరూ అణకువ అనుకున్నారు.

వాన రాళ్ళను కడుగుతోంది. ఇన్నాళ్ళూ నేను బూడిదతో రుద్ది రుద్ది తీయలేని మట్టంతా పోయింది. అంత అందంగా వాటిని నేనెప్పుడూ చూడలేదు. చూడబుద్ధి కాలేదు కూడా. పడమటి కొండ మీద పిట్టలు ఒకదాని వెనక ఒకటి గూటికి దిగడం నాకొక్కదానికే కనిపించింది. మిగతావాళ్ళెవరూ తలెత్తి అటు చూడలేదు. వాళ్ళంతా నన్ను చూస్తున్నారు.


కొత్త కంకుల కొలుపు

సామలు బాగా పండాయి. కొర్ర కూడా. మృదుల మాట తప్పలేదు. నాలుగు వానలు పంపింది. తొలకరి తర్వాత ప్రతి వానకూ ముందు తనే నాకు రోజు చెప్పింది. అలా చెప్పిన ఒక్కో రోజుకూ నేనొక పేరు పెట్టాను. ఒకటి నాట్ల మొక్కు, ఒకటి కలుపు మొక్కు. అవి ఇంతకుముందు మా కొలుపుల్లో లేవు.

కొలుపుకి పక్క కొండల నుంచి కూడా జనం వచ్చారు. రాళ్ళు తెచ్చారు. తేనెరంగువి, గులాబీవి, లోపల నీటి చుక్క దాగినది కూడా ఒకటి. అది చూసి నేను మామూలుగానైతే పొద్దంతా పొంగిపోయేదాన్ని. గద్దె మీద చోటు చాలక దాలినాయుడు చుట్టూ మూడు మెట్లు కట్టించాడు. నేను కూర్చోవడానికి ఒక పలక వేయించాడు. వద్దన్నాను. "అమ్మ కూకున్న సోట నువ్వు నేలమీద కూకుంటే మాకు బాగోదు" అన్నాడు. స్టేషన్‌వాళ్ళ బండి అద్దం పగలగొట్టిన కుర్రాళ్ళను తనే తీసుకెళ్ళి క్షమాపణ చెప్పించి వచ్చాడు.

మృదుల కొలుపుకి వచ్చి అందరితోపాటు కూర్చుని విస్తట్లో సామన్నం తింది. అందరూ వెళ్ళాక గుప్పిట్లోంచి చిన్న ఊదారాయి ఒకటి తీసింది.

"మా అమ్మది. ఆవిడ పోయి ఏడాదైంది. ఇక్కడ పెడతారా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "వాన ఎక్కణ్ణుంచొస్తందో తెలిసినదానివి నువ్వు. నీకెందుకమ్మా ఈ గద్దె?"

"అది వేరు, ఇది వేరు" అంది. ఆ పిల్ల కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి.

తీసుకుని మా ఊదారాయి పక్కన, నీడలో పెట్టాను. ఆ సమయంలో ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వస్తోంది.


చలిమంటల కొలుపు

ఇవాళ ఊళ్ళో నడిచాను. ఇళ్ళలో గద్దెలన్నీ దుమ్ముపట్టి ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో రాయే లేదు. వాళ్ళు దాన్ని పెద్ద గద్దె దగ్గరే వదిలేశారు. అక్కడుంటే బలం ఎక్కువట.

పోలమ్మను అడిగాను. "పొద్దున్నే రాయి తుడవడం మానేసినావేటి?"

"ఇంకెందుకొదినా? అమ్మ వింటంది గదా. నువ్వు రోజు సెప్తే ఆ రోజుకి వానొచ్చేస్తంది."

వాన రాని రెండేళ్ళూ పోలమ్మ ఒక్క పూట కూడా ఆ పని మానలేదు. గెడ్డ దగ్గర వంతు పోయినా రాయి తుడిచాకే అన్నం తినేది. కరువు చెరపలేకపోయిన అలవాటు నాలుగు వానలకు చెరిగిపోయింది.

ఒక్క మంచి మాట ఉంది రాయడానికి. పోలమ్మ కూతురు హైమ నీళ్ళోసుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళకు కడుపు పండింది. ఆ పిల్ల నా చేతుల మీద పెరిగింది. వచ్చి నా పక్కన మంట దగ్గర కూర్చుని, "అత్తా, ఆడపిల్లయితే చినుకు అని పేరెడతాను" అంది. నేను దాని తల నిమిరాను. మంట పొగకు కళ్ళు మండుతున్నాయని చెప్పి అవతలికి వెళ్ళిపోయాను.


ఎండలు

ఈసారి మృదుల బూట్లు విప్పలేదు. గద్దె దాకా రాలేదు. దారిలో రావిమొద్దు దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"ఈ ఏడాది మీ లోయకు వాన లేదమ్మా."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. మైదానంలో జలాశయం అడుగంటింది. మబ్బులన్నీ అటే పంపమన్నారు. నేను అడిగాను. వినలేదు."

మా ఇంట్లో ఒకరు పోయిన కబురు చెప్పినట్టు చెప్పింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

"కొలుపు మాత్రం ఆపకండి" అంది.

"వాన రాదని తెలిసీ కొలుపెందుకు?"

 చేతిలోని నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉంది. "కొలుపు జరగకపోతే, వాన ఎందుకు రాలేదని జనం స్టేషన్ వైపు చూస్తారు. కొలుపు జరిగీ రాకపోతే... మీలో మీరు చూసుకుంటారు. ఎవరి వల్ల తప్పు జరిగిందని."

"ఇది నీ బుర్రలో పుట్టిందేనా?"

"కాదు."

"మరి మీ అమ్మ రాయి నా గద్దె మీద పెట్టినప్పుడు ఇది తెలుసా నీకు?"

ఆమె వేళ్ళు మూత మీద ఆగిపోయాయి. నేను గద్దె దగ్గరికి వెళ్ళి ఆ చిన్న ఊదారాయి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది. వెనక్కి తిరిగి నడుస్తూ దాన్ని జేబులో వేసుకుంది. కొండ మలుపు దాకా తల ఎత్తలేదు.


ఎండలు ముదిరాక

ఊరందరినీ పిలిచి చెప్పేశాను. ఇనప పిట్టల సంగతి, మళ్ళించిన మబ్బుల సంగతి, పున్నమి మర్నాడు పడిన వాన సంగతి, అన్నీ. పలక మీద కూర్చోలేదు. నేలమీద నిలబడి చెప్పాను.

అరుపులు వస్తాయనుకున్నాను.  దాలినాయుడు లేచాడు. అతని గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"నాను బురదలో పడి మొక్కినాను, గుర్తుందా రత్నమ్మా?"

"గుర్తుంది."

"అప్పుడు సెప్పినావా?"

"సెప్పనేదు. సెప్తే ఆ వాన కూడా రాదన్నారు."

"అప్పుడు అబద్ధమైతే, ఇప్పుడు సెప్పేది నిజమని ఎలా నమ్మాల?"

"మబ్బులు ఎటెలతన్నాయో సూడు నాయుడూ. పడమటి కొండ కాడ నిలబడి సూడు, నీకే తెలస్తది."

"మబ్బులు ఎటెలతన్నాయో అమ్మకి తెలుసు" అంది పోలమ్మ. లేచి నిలబడింది.  "కాళ్ళు మొక్కించుకున్నావు. పలకమీద కూకున్నావు. ఇప్పుడు అమ్మ నీ మాట విననంటే, ఇనప పిట్టలంటన్నావు. అమ్మ నేదు, అంతా మనుసులే అంటన్నావు. ఇది మా యమ్మ గద్దె. నీకు మొగుడి వల్ల వొచ్చింది."

"పోలమ్మా, నాను అమ్మ నేదననేదు. ఆ వాన అమ్మది కాదన్నాను."

ఆ రెండు మాటల మధ్య తేడా అక్కడ ఒక్కరికీ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? ఏడాది పొడుగునా నేనే ఆ రెండింటినీ కలిపి కుట్టాను.

కొందరు నమ్మారు. వాళ్ళలో నలుగురు స్టేషన్‌కి వెళ్ళి అడిగారు. అక్కడ వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, గాలి కొలిచే గొట్టాలు చూపించారట. మృదుల బదిలీ అయిపోయిందట. తిరిగొచ్చి వాళ్ళు నా ఇంటి వైపు చూడకుండా వెళ్ళిపోయారు.


తొలకరి రావలసిన రోజులు

కొలుపు పోలమ్మ చేసింది. నన్ను పిలవలేదు. ఇంటి గుమ్మంలో కూర్చుని విన్నాను. పాట బాగా పాడింది, మా అత్తగారి గొంతే. ఎండలో నిలబడి పొద్దు వాలేదాకా పాడుతూనే ఉన్నారు. ఒక మబ్బు వచ్చింది కూడా. పడమటి కొండ మీద కాసేపు ఆగింది. జనం చేతులెత్తి కేకలేశారు. అది నెమ్మదిగా పక్కకు తిరిగి కిందికి, మైదానం వైపు వెళ్ళిపోయింది. కేకలు ఆగిపోయాయి. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఎవరి వల్ల తప్పు జరిగిందో వాళ్ళకు మర్నాటికే తెలిసిపోయింది.

ఊటగెడ్డలో ఇప్పుడు నీళ్ళు లేవు, తడి ఇసుక ఉంది. దాన్ని తవ్వి గుడ్డలో వేసి పిండుకుంటున్నారు. ఆ నీళ్ళే హైమ తాగింది. నెలలు నిండకుండానే జ్వరం తగిలింది. నా దగ్గర ఒక క్యాన్ మంచినీళ్ళు ఉన్నాయి. పోయినేటి వాన నీళ్ళు, రాళ్ళు కడగడానికని మూతపెట్టి దాచినవి. రాళ్ళు ఇక నావి కావు కదా. క్యాన్ ఎత్తుకుని పోలమ్మ ఇంటికి వెళ్ళాను.

గుమ్మంలోనే ఆపింది.

"ఆ పిల్లకి కాసి ఇయ్యి. మంచియ్యే" అన్నాను.

"ఎక్కడియ్యి?"

"పోయినేటి వాన."

"ఏ వాన? నీ పిట్టలు పంపినదా, సినుకులతల్లి పంపినదా?"

నేను క్యాన్ ముందుకు చాపాను. లోపల్నుంచి హైమ "అమ్మా, ఎవురూ?" అని అడగడం వినిపించింది. పోలమ్మ నా చేతిలోంచి క్యాన్ లాక్కుంది. మూత తీసి నా కళ్ళ ముందే వాకిట్లో ఒంపేసింది. చివరి చుక్క దాకా ఒంపింది. నేల ఆవురావురుమంటూ తాగేసింది. ఆ తడి మచ్చ మేమిద్దరం చూస్తుండగానే ఆరిపోయింది. ఖాళీ క్యాన్ నా కాళ్ళ దగ్గర పడేసి తలుపు మూసింది. తలుపు వెనక ఆమె ఏడుపు నాకు వినపడింది.

ఆ పిల్లకు మూడో నాడు కాన్పైంది. ఆడపిల్లే. ఏడవలేదు.

హైమ బతికింది. ఆ మాట ఒక్కటే రాయాలనిపించింది, మిగతాది రాయకూడదనుకున్నాను. రాశాను.


ఊరు విడిచిన రోజు

పొద్దున్న లేచి చూస్తే నా ఇంటి రాయి వాకిట్లో ఉంది. పెద్ద గద్దె మీద ఉండాల్సినది. రెండు ముక్కలై ఉంది. పడేశారో, కొట్టారో తెలియదు. పలుగు ఊరికే పగలదు.

దాలినాయుడు వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు గానీ కళ్ళలోకి చూడలేదు.

"కుర్రోళ్ళు నా మాట ఇనడం నేదు రత్నమ్మా. నువ్వు కొన్నాళ్ళు ఎక్కడికైనా ఎల్లు. నీ మంచికే సెప్తన్నాను."

"స్టేషన్ మీద రాళ్ళేసిన కుర్రోళ్ళేనా?"

"ఆలే."

"ఆల్నే తీసుకెళ్ళి క్షమాపణ సెప్పించినావు గదా నాయుడూ. నాకు కూడా సెప్పిస్తావా ఎప్పుడైనా?"

అతను వెళ్ళిపోయాడు. నేను ఒక చీర, ఖాళీ క్యాన్, ఈ కాగితాలు తీసుకుని బయల్దేరాను. పగిలిన రాయిని అక్కడే వదిలేశాను. వీధిలో తలుపులన్నీ వేసి ఉన్నాయి. ఎవరూ తిట్టలేదు. తిడితే ఆగి ఒక మాట అనేదాన్ని.


దిగువ గరువు

కొండ దిగి రెండో లోయ చేరేసరికి గాలి మారింది. తడిమట్టి వాసన. మొదట నా భ్రమ అనుకున్నాను. మలుపు తిరిగితే ఎదురుగా ఊరు, ఊరి మీద వాన. ఊరి మీదే, చుట్టూ పొలిమేర గీసినట్టు. అవతలి కొండకు ఎండ కాస్తోంది.

దిగువ గరువులో కొలుపు జరుగుతోంది. కొత్త గద్దె, సున్నం కూడా ఆరలేదు. తెల్ల పలుగులు, తేనెరాళ్ళు వానకు తళతళలాడుతున్నాయి. జనం బురదలో ఎగురుతున్నారు, ఏడుస్తున్నారు. గద్దె ముందు నా వయసు మనిషి ఒకామె తడిసిన జుట్టుతో పాడుతోంది. పాట మాదే. ఒక చరణం తప్పు పాడుతోంది.

నేను జనం చివర నిలబడ్డాను. దాహంతో నాలుక పిడచగట్టి ఉంది. నా పక్కనున్న ముసలామె నన్ను చూసి దోసిలి పట్టమని సైగ చేసింది.

"తాగమ్మా, తాగు. మాకు రెండేళ్ళ తరవాత పడింది. కాంతమ్మ రోజు సెప్పింది, ఆ రోజుకే వొచ్చింది." నా చెవి దగ్గరికి వంగింది. "పైన రాళ్ళమెట్టలో గద్దె సూసే ఆడది అమ్మే నేదందంట. అందుకే ఆ ఊరు ఎండిపోయింది. అమ్మ లేసి ఇటొచ్చేసింది."

"ఎవురు సెప్పారు?" అన్నాను.

"కాంతమ్మే సెప్పింది."

పాట అయ్యాక కాంతమ్మ బుట్టలో బెల్లం, నానబెట్టిన శనగలు అడ్డాకులో పెట్టి అందరికీ పంచుతూ వచ్చింది. ప్రతివాళ్ళూ వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెడుతున్నారు. ఒక్కొక్కరు వంగినప్పుడల్లా ఆమె భుజాలు చిన్నగా ముడుచుకుంటున్నాయి. ఆ ముడుచుకోవడం నాకు తెలుసు.

నా ముందుకు వచ్చి ఆగింది. నేను దణ్ణం పెట్టలేదు.

"నీకు ముందే రోజు సెప్పారా?" అని నెమ్మదిగా అడిగాను. "బూట్లు విప్పి కూకుని సెప్పారా?"

ఆమె చేతిలోని ఆకును మళ్ళీ బుట్టలో పెట్టేసింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నా కాళ్ళ దుమ్ము, ఖాళీ క్యాన్, నేను వచ్చిన దారి. ఎవరినో తెలిసిపోయిందని ఆమె మొహంలో కనిపించింది.

"మా పిల్లగుంటలు గొడ్ల కుడితి తాగినారప్పా" అంది. గొంతు నాకొక్కదానికే వినపడేంత. "నువ్వు ఏటి సేద్దువు?"

"నీకు సెప్తారు. వొచ్చే ఏడో, ఆ పై ఏడో. వాన నేదు గానీ కొలుపు సెయ్యమంటారు."

"అది వొచ్చే ఏటి మాట."

ముసలామె మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తోంది. చుట్టూ ఇంకొందరు తలలు తిప్పారు. కాంతమ్మ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. తర్వాత అందరికీ వినపడేలా, గద్దె చూసేవాళ్ళ గొంతుతో అడిగింది.

"ఏ ఊరు తల్లీ మీది?"

వాన మా ఇద్దరి మధ్య గట్టిగా కురుస్తోంది. చెప్పవచ్చు. నా ఊరి పేరు చెప్పి, జరిగిందంతా చెప్పవచ్చు. ఇక్కడా నేల మీద నిలబడి చెప్పవచ్చు. ముసలామె పక్కన ఒక కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి, మొహం ఆకాశానికి ఎత్తి, చినుకులు తాగుతోంది.

"ఊరు లేదమ్మా" అన్నాను. "సముద్రం పక్కనించొచ్చాను."

కాంతమ్మ అడ్డాకు నా చేతిలో పెట్టింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. అందరూ చూస్తుండగా నేను వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాను. ఆమె భుజాలు ముడుచుకున్నాయి.

క్యాన్ మూత తీసి చూరు కింద పెట్టి, నిండేదాకా పక్కనే నిలబడి బెల్లం తిన్నాను.